టైమ్ రాయని సీసా

మా ల్యాబ్ సార్ గద్వాలలో తన ఇంట్లో కన్నుమూశారని ఫోన్ వచ్చేసరికి నేను వార్డులో రక్తం తీస్తున్నాను. అయినా సీసా మీద టైమ్ రాసే కదిలాను. రాయకపోతే ఆయన ఊరుకునేవారు కాదు మరి.

వనపర్తిలో మా దవాఖానలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. రోగి రక్తంలో మందు ఎంత ఉందో చూసే పరీక్షంటే ఆయనకు ప్రాణం. చివరి గోలీ ఎప్పుడు వేసుకున్నారో రాయని సీసా వస్తే, మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కి వార్డుకొచ్చేవారు. "రక్తం నిజమే చెప్తది బిడ్డా. టైమ్ తెల్వకుంటే మనకే సమజ్ గాదు" అనేవారు. నాకు ఒళ్లు మండేది. నర్సుగా కొత్తలో పొగరెక్కువే లెండి.

ఒకసారి గట్టు అనే ఊరి నుంచి ఫిట్స్ వచ్చే అమ్మాయిని తెచ్చారు. గోలీలతో ఫిట్స్ ఆగాయి. పొద్దున గోలీకి ముందు రక్తం తీయాలి. నేను ఏడింటికి తీసి, కేస్ షీట్ చూసి, చివరి గోలీ రాత్రి ఎనిమిదికని రాసేశాను. రిపోర్టులో మందు బాగా ఎక్కువొచ్చింది. డాక్టరమ్మ డోసు సగం చేయబోయారు.

"రాత్రిదైతే గింత ఉండదే" అనుకుంటూ సార్ పైకొచ్చి, అమ్మాయి తల్లిని అడిగారు.

"అక్కా, పొద్దున గోలీ ఏసినవా?"

"ఏసిన సారూ. యాళ్ల తప్పొద్దని ఆరింటికే ఏసిన."

నా తల కొట్టేసినట్లయింది. డోసు తగ్గించి ఉంటే ఆ పిల్లకు ఫిట్స్ తిరగబెట్టేవి.

"ఆమె తప్పేం లేదు. జర ఆగుమని మనమే చెప్పలే" అన్నారు సార్. నా పేరెత్తలేదు.

మర్నాడు మందుల కౌంటర్ అతను గోలీల అట్టకు ఎర్ర కాగితం చుట్టి పంపాడు. తల్లి దాన్ని కొంగున ముడేసుకుని, నేను రక్తం తీశాకే విప్పింది. మందు ఉండాల్సినంతే ఉంది. డోసు మార్చలేదు.

"ఒక్క గోలీకి ఐదుగురం కావాల్సొచ్చె" అని నవ్వారు సార్.

"డాక్టరమ్మ, మీరు, నేను, కౌంటరాయన. ఐదో మనిషెవరు సార్?"

"గా అక్క గాదా!"

ఎర్ర కాగితం అప్పటినుంచి మా దవాఖానలో ఆనవాయితీ అయింది.

ఈరోజు పొద్దున కొత్త సిస్టర్ ఒక పిల్లాడి రక్తం సీసాతో ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి, ఎవరూ అడగకముందే, "రాత్రి ఎనిమిదికి ఏసిన్రు, పొద్దున ఇంక ఏయలే. తల్లిని గూడ అడిగిన" అంది. నాకెంత గర్వమనిపించిందో! లోపల సార్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె ఆ కుర్చీ వైపే చూస్తూ చెబుతోంది.