సీజన్‌లో ఇంజన్ ఆపరు

మా అక్క భర్త చెరకు గానుగల ఇంజన్లు బాగుచేసేవాడు. కోటవురట్ల వైపు గానీ మాడుగుల వైపు గానీ ఎక్కడ గానుగ మొరాయించినా అనకాపల్లిలో బావకే కబురు వచ్చేది. సంచిలో నాలుగు స్పానర్లు వేసుకుని, దొరికిన బస్సు ఎక్కి వెళ్లిపోయేవాడు. తిరిగి వచ్చేటప్పుడు బట్టల నిండా బెల్లం పొగ వాసన.

గానుగల దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆట, అంటే చెరకు ఆడటం, మొదలయ్యాక ఇంజన్ ఆపరు. నరికిన చెరకు ఎండిపోతుంది, తీసిన రసం పులిసిపోతుంది, పులిసిన రసం బెల్లం కట్టదు. అందుకని ఏది చెడినా అప్పటికి ఏదో ఒకటి పూసి, కట్టి, బిగించి నడిపించేస్తారు. నూనె కారే చోట సబ్బు రుద్దుతారు. నీళ్లు కారే చోట పసుపు వేస్తారు. విప్పి శుభ్రంగా బాగుచేయడం సీజన్ అయిపోయాకే. ఈ పని బావకు బాగా వచ్చు. ఆయన చెయ్యి పెట్టిన ఇంజన్ ఆట మధ్యలో ఆగిందని ఎవరూ అనగా నేను వినలేదు.

ఊళ్లు తిరిగే ఓపిక తగ్గాక ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. అది అప్పటికి ఎంత తిరిగిందో చెప్పేవాడు లేడు. కిలోమీటర్ల ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే చొక్కా విప్పి బోనెట్ ఎత్తేవాడు. ప్లగ్గులు తీసి మసి గీకడం, పాయింట్లకు గరుకు కాగితం పెట్టి, పాత బ్లేడు దూర్చి సందు సరిచూడటం, ఎయిర్ ఫిల్టర్‌ను గోడకేసి కొట్టి సైకిల్ పంపుతో దుమ్ము ఊదడం. అన్నీ తనే. షెడ్డుకు పంపించొచ్చు కదా అని ఒకసారి అన్నాను. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు.

“షెడ్డోడికేటి బావా, సాయంత్రానికి తలుపేసుకుని ఇంటికెళ్లిపోతాడు. రోడ్డు మీద ఆగితే తోసీది నేనే కదేటి.”

“తోసీది నువ్వా? నువ్వు లోపల కూకుంటావు. తోసీది మేం,” అంది లోపలి నుంచి అక్క.

ఆ ఏడాదే అక్క రొమ్ములో గడ్డ బయటపడింది. విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. పుండు మానాక కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించాలన్నారు. ఆదివారం తప్ప రోజూ, కొన్ని వారాల పాటు. మొదలుపెట్టాక మధ్యలో మానకూడదని డాక్టరు చెప్పినప్పుడు బావ తల ఊపిన తీరు నాకు గుర్తుంది. ఆ మాట ఆయనకు కొత్తగా అనిపించలేదు. బతుకంతా విన్న మాటే అది.

జాతీయ రహదారిని నాలుగు వరసలు చేస్తున్న రోజులవి. ఎక్కడికక్కడ తవ్వేసి, మట్టి దారుల మీదికి మళ్లించేవారు. తిరుగు ప్రయాణంలో అక్కకు వాంతులు. నిలబడటానికే చోటులేని బస్సులో ఆమెను ఎక్కించలేం. అద్దె కారు మాట్లాడతానంటే అక్క ఒప్పుకోలేదు.

“పరాయోడి బండిలో కక్కుకుంటా ఎలా కూకుంటానురా తమ్ముడూ? సిగ్గుతో సచ్చిపోనూ? మన బండైతే నాకు భయం లేదు.”

అలా ఆమె చికిత్స అంతా ఆ కారు మీద పడింది. నాకు పత్రికలో సాయంకాలం డ్యూటీ. ఉదయాలు ఖాళీ కాబట్టి వాళ్లతో వెళ్లేవాణ్ని. బావ తెల్లవారగానే లేచి, రోజూ ప్లగ్గులు తుడిచి, ఫిల్టర్ దులిపి, ఫ్యాను బెల్టు వేలితో నొక్కి చూసేవాడు. గోతుల్లో కుదుపు వచ్చినప్పుడల్లా అద్దంలోంచి వెనక సీటు వంక చూసేవాడు.

కొన్నాళ్లకు రేడియేటర్ అడుగున తడి కనిపించింది. రేడియేటర్ విప్పి మాట్లు వేయించాలంటే బండి రెండు మూడు రోజులు కదలదు. బావ క్షణం కూడా ఆలోచించలేదు. వంటింట్లోకి వెళ్లి పసుపు డబ్బా పట్టుకొచ్చాడు.

“పప్పులోకే పసుపు లేదంటే బండికా?” అంది అక్క.

“నీ పప్పులో పసుపు ఎక్కువవతందని ఎప్పట్నుంచో సెప్తన్నాను. ఇప్పుడు సరిపోతాది.”

పసుపు నీళ్లలో కలిపి రేడియేటర్‌లో పోసి, ఇంజన్ కాసేపు తిప్పాడు. కారడం ఆగిపోయింది. “సీజన్ అవనీ బావా, అప్పుడు విప్పీసి కడిగీదాం,” అన్నాడు నాతో.

మళ్లీ తడి కనబడితే మళ్లీ పసుపు. ఆ తర్వాత ఇంకోసారి. గానుగ దగ్గర ఇంజన్ నిలబడ్డ చోటే తిరుగుతుంది, పక్కనే నీళ్ల తొట్టె ఉంటుంది. ఈ కారు నిండు ఎండలో, దుమ్ములో, లారీల వెనక పాకుతూ వెళ్లాలి. రేడియేటర్ గొట్టాలేమో ఈత పుల్ల పట్టేంత సన్నం. చిల్లును మూసిన పసుపు గొట్టాలను కూడా మూస్తుందన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

లంకెలపాలెం దాటకముందే ఒకరోజు బోనెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. బావ బండి పక్కకు లాగాడు. వేడి ఇంజన్ మీద చన్నీళ్లు పోస్తే బీట వేస్తుందని ఆయనకు తెలుసు. అందుకని ఆగాలి. అక్కను కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టి గొడుగు పట్టాను. ఎడంపక్క చర్మం కాలి నల్లబడి ఉండటంతో ఆమె చెయ్యి ఒంటికి ఆనించకుండా దూరంగా పెట్టుకుంది.

బావ బండి చుట్టూ తిరుగుతున్నాడు. గుడ్డ చుట్టి మూత మీద చెయ్యి వేస్తాడు, తీసేస్తాడు.

“ఆటో ఏదైనా ఆపుతాను బావా,” అన్నాను.

“ఆగు బావా. సల్లారిపోతాది. ఇంకో పావుగంట.”

నేను ఆపిన ఆటోలు నిండుగా ఉన్నాయి. చివరికి ఇంజన్ చల్లారింది, నీళ్లు పోశాడు, బయల్దేరాం. గాజువాక రాకముందే మళ్లీ పొగలు. మళ్లీ ఆగాం. ఆసుపత్రికి చేరేసరికి కరెంటు పెట్టే గది తలుపు వేసేశారు. “ఈరోజుకి అయిపోయిందమ్మా, రేపు రండి,” అని అక్కడి ఉద్యోగి తాళం తిప్పుకుంటూ వెళ్లిపోయాడు.

బావ డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. నేనూ వెనకే వెళ్లాను. చివర్లో ఒక రోజు కలుపుతాం, దీనివల్ల ఏమీ కాదు, కంగారుపడకండి అన్నాడాయన. బావ నిలబడే ఉన్నాడు. “ఏటీ అవదా సార్?” అని మళ్లీ అడిగాడు. ఏమీ కాదని డాక్టరు మళ్లీ చెప్పాడు.

ఆ సాయంత్రం పెరట్లో రేడియేటర్ పైపులు ఊడదీసి, కింది నుంచి కుళాయి నీళ్లు ఎక్కించాడు. పచ్చటి బురద ముద్దలుగా పడింది. బావ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు. బురద పోయింది, చిల్లు తెరుచుకుంది. మర్నాటి నుంచి డిక్కీ నిండా నీళ్ల క్యాన్లతో, ఊరూరా ఆగి పోసుకుంటూ వెళ్లాం. తక్కిన రోజులు ఒక్కటీ తప్పలేదు. డాక్టరు అన్నట్టే చివర్లో ఒక రోజు కలిపారు.

ఏడాదిన్నర అక్క బాగానే ఉంది. కాస్త ఒళ్లు చేసింది. రాంబిల్లి నుంచి చేపలు వస్తే తనే బేరమాడి కొనేది. తర్వాత వెన్నులో నొప్పి అంది. జబ్బు ఎముకలోకి పాకిందన్నారు. నొప్పి తగ్గడానికి మళ్లీ కరెంటు పెట్టాలన్నారు.

ఆ మాట విన్న రోజు బావ భోజనం దగ్గర కూర్చుని కలిపిన అన్నం కలిపినట్టే ఉంచాడు. “ఆ ఒక్కరోజే,” అన్నాడు.

“ఏ రోజు?” అంది అక్క.

“బండి ఆగిపోయినరోజు.”

“డాక్టరు ఏటి సెప్పేడు? ఏటీ అవదని సెప్పలేదా?”

“ఆయనలాగే సెప్తాడు. ఆయనకేటి.”

ఈసారి బావ అద్దె కారు పిలిచాడు. మొదటి రోజు దారి పొడవునా అక్క కవరు నోటికి అడ్డం పెట్టుకుని, “ఏటీ అనుకోకు బాబూ, నీ బండి పాడవనివ్వను,” అని ఆ డ్రైవరుతో అంటూనే ఉంది. అతను పర్వాలేదమ్మా అన్నకొద్దీ ఇంకా ముడుచుకుపోయింది. ఇంటికి రాగానే మంచం మీద వాలి, “రేపు మన బండి తీ,” అంది.

“దాని మీద నాకు నమ్మకం లేదే.”

“దాని మీదా, నీ మీదా?”

బావ ఆమె చేతిలోని కవరు తీసుకుని బయట పారేయడానికి లేచాడు.

“నాకుంది. తీ.”

కొత్త రేడియేటర్ వేయించాడు. దాన్ని తన చేత్తో బిగించలేదు. షెడ్డులో బల్ల మీద కూర్చుని, ఎవరో బిగిస్తుంటే చూశాడు. ఆ రెండో విడతలో కారు ఎక్కడా ఆగలేదు, ఒక్కరోజూ తప్పలేదు. అక్కకు నొప్పి కొంత తగ్గింది. వానలు పడే నాటికి ఆమె లేదు.

సమాధుల తోట నుంచి వచ్చాక, జనం పలచబడ్డాక, నేను బావ పక్కన కూర్చున్నాను. ఆయనకు ఊరట కలిగించే మాట ఒకటి నా దగ్గర ఉందనుకున్నాను. రోజు తప్పినప్పుడు అక్క లేచి తిరిగింది, ఏ రోజూ తప్పనప్పుడు పోయింది, మరి ఆ రోజుదేం తప్పు బావా అన్నాను.



“అప్పుడు తప్పకపోయుంటే,” అన్నాడు, “మళ్లీ కరెంటు పెట్టించాల్సిన పనే ఉండకపోయీది.”

పత్రికలో ఇన్నేళ్లు పనిచేశాను, ఎదుటివాడి వాదనలో బొక్క వెతకడం అలవాటైన పని. ఆ పని వదిలేసి లేచాను. ఆయనకు మంచినీళ్లు తెచ్చిచ్చి పక్కన కూర్చున్నాను.