సమూయేలుకు నీళ్ళు పోసిన చెయ్యి

1957 వేసవి చివర నన్ను నంద్యాలలోని మిషన్ ఆసుపత్రి నుంచి ఆళ్ళగడ్డ ప్రసూతి కేంద్రానికి బదిలీ చేశారు. కేంద్రమంటే రెండు గదుల అద్దె ఇల్లు, ఒక ఆయా, నేను. హోదాకు నేను స్టాఫ్ నర్సును. ఇంటర్మీడియట్ తర్వాత నర్సింగు చదివి, పురుళ్ళు పోయడంలో కూడా శిక్షణ పొందినవాళ్ళను అలా ఒంటరిగా పంపేవారు. నంద్యాల నుంచి డాక్టరమ్మ వారానికొకసారి బస్సులో వచ్చి, కాన్పు కష్టమయ్యేటట్టున్నవాళ్ళను చూసి వెళ్ళేవారు. మిగిలిన రోజుల్లో ఏం జరిగినా నా తెలివి, నా సంచి.

ఆ సంచిలో ఉడికించిన కత్తెర, బొడ్డుకు కట్టే దారం, బిడ్డ కళ్ళలో వేసే చుక్కల మందు, గొంతులో అడ్డుపడిన జిగురును నోటితో లాగే సన్నని రబ్బరు గొట్టం ఉండేవి. అది చేతిలో ఉంటే ఊళ్ళో ఏ ఇంటి తలుపైనా తెరుచుకునేది. నేను బయటికి వచ్చాక ఆ ఇంటివాళ్ళు గడపలో నీళ్ళు చల్లుకునేవారు. కొందరు నేను వీధి మలుపు తిరిగేదాకా ఆగేవారు, కొందరు ఆగేవారు కాదు. నొప్పుల్లో నా మెడ పట్టుకుని వేలాడిన మనిషి ఇంట్లోనే, నాకు దాహమంటే చెంబు పైకెత్తి దోసిట్లో పోసేవారు.

నేను మాల క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. దేవుడు మనిషిని తన పోలికలో చేశాడని ఊహ తెలిసినప్పటి నుంచి వింటున్నదాన్ని. ఆ మాటకూ ఈ దోసిలికీ పొంతన ఎలా కుదురుతుందో నాకు తెలిసేది కాదు. పని బాగా చేస్తే కుదురుతుందనుకున్నాను.

ఆ ఏడు చలికాలం మొదట్లో ఒక ఉదయం మాదిగపేట నుంచి కబురు వచ్చింది. సంఘపెద్ద దావీదు కూతురు మార్తమ్మకు తొలి కాన్పు. పేటంతా క్రైస్తవులే. ఇక్కడైనా గడప కడగరు కదా అని తేలికైన మనసుతో వెళ్ళాను.

మధ్యాహ్నానికి మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు. ఊపిరాడని బిడ్డలు రెండు రకాలని మాకు నేర్పారు. నీలంగా, కాస్త బిగువుగా ఉన్నవాడి మీద ఆశ పెట్టుకోవచ్చు. తెల్లగా, వడలిపోయి ఉన్నవాడి మీద తక్కువ. వీడు తెల్లగా ఉన్నాడు. గొట్టంతో జిగురు లాగాను. అప్పటి పద్ధతి ప్రకారం వేడినీళ్ళ బేసిన్‌లో, చన్నీళ్ళ బేసిన్‌లో మార్చి మార్చి ముంచాను. నోటితో ఊదాను. గుండె ఆడుతోంది గాని ఎక్కువసేపు ఆడుతుందనిపించలేదు.

అలాంటప్పుడు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. క్రైస్తవుల బిడ్డ పోయేటట్టుండి, అయ్యగారు, అంటే సంఘ గురువు, అందుబాటులో లేకపోతే, బాప్తిస్మం పొందినవాళ్ళెవరైనా ఆ బిడ్డకు బాప్తిస్మం ఇవ్వవచ్చు. శుభ్రమైన నీళ్ళు, బిడ్డ పేరు, తండ్రి కుమార పరిశుద్ధాత్మల నామం కావాలి. మాకు శిక్షణ ఇచ్చిన మేట్రన్ దీన్ని కూడా బొడ్డు కోయడం నేర్పినట్టే నేర్పింది. అయ్యగారు ఉండేది నంద్యాలలో. తొలి మనవడికి పేరు చెప్పేది తాత. అందుకని గుమ్మం అవతల నిలబడ్డ దావీదును పేరు చెప్పమన్నాను.

ఆయన పేరు చెప్పలేదు. "నువ్వు ఏ పేటోళ్ళ పిల్లవమ్మా?" అన్నాడు.

మాలపేట అని చెప్పాను. ఆయన తల దించుకున్నాడు. "అయ్యగారు రానీలేమ్మా. నువ్వు పోసింది రేపెవురన్నా చెల్లదంటే నా మనవడు యాడికి పోతాడు?"

ఆ గొంతులో ఈసడింపు ఉంటే నాకు కోపం వచ్చేది. అది నిజమైన భయం.

చాప మీద పడుకున్న మార్తమ్మ మోచేతి మీద లేచింది. "బిడ్డ పోతాండాడు, నువ్వు పేట అడుగుతాండావా నాయనా? ఈయమ్మ నోట్లో గాలే వాని లోపలికి పొయ్యింది. ఇంగ నీళ్ళకేమొచ్చె?" నా వైపు తిరిగి, "సమూయేలు. పొయ్యక్కా," అంది.

కాచి చల్లార్చిన నీళ్ళు మూడుసార్లు తల మీద పోసి, నేర్చుకున్న మాటలు చెప్పాను. మళ్ళీ ఊదడం మొదలుపెట్టాను. కొంతసేపటికి వాడు ఒకసారి ఎగశ్వాస తీశాడు, తర్వాత మూలిగాడు, తర్వాత ఏడ్చాడు. నీళ్ళ వల్లనా, ఊదినందువల్లనా అని తర్వాత చాలామంది అడిగారు. నర్సుగా నేను ఊదడం గురించే చెప్పగలను.

ఆ నెల్లాళ్ళూ నాకు నేల మీద కాలు నిలవలేదు. దోసిలి పట్టిన చేతులే బాప్తిస్మం ఇచ్చాయి. నేను ఎవరినో ఇప్పుడు తేలిందనుకున్నాను.

నెల తిరిగాక అయ్యగారు మాదిగపేటలో ఆరాధన నడపడానికి వచ్చారు. చివర దావీదు మనవణ్ణి ఎత్తుకుని ముందుకు నడిచాడు. "మీ చేత్తో మళ్ళా ఒకపారి పొయ్యండయ్యగారూ," అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. అయ్యగారు మళ్ళీ పోస్తే నేను పోసినవి ఉత్త నీళ్ళే.

అయ్యగారు నన్ను నిలబెట్టి నీళ్ళు, పేరు, నామం గురించి ఒక్కొక్కటే అడిగారు. పరీక్షలో చెప్పినట్టు చెప్పాను.

"అయితే అయిపోయినట్టే. ఒకసారి ఇచ్చింది మళ్ళీ ఇవ్వరు," అన్నారు.

"నర్సమ్మ చెయ్యి గదా..."

"చెయ్యి లెక్కలోకి రాదప్పా."

బిడ్డను సంఘంలోకి తీసుకునే ప్రార్థన మాత్రం చదివారు. నేను గెలిచినట్టే లెక్క. కానీ ఆ చెయ్యి మంచిదే అంటారని ఎదురుచూశాను. బస్సు దగ్గర ఆపి అడిగాను, నా చేతికి విలువ లేదని దాని అర్థమా అని.

"నా చేతికీ లేదు గదమ్మా," అని ఆయన బస్సెక్కారు.

తర్వాత దావీదే మనవణ్ణి తూకానికి తెచ్చేవాడు. "నువ్వు పేరు పెట్టినోడు నా పంచె తడిపినాడు సూడు," అని వాణ్ణి నా ఒళ్ళో పడేసేవాడు. నేను ఏ పేటదాన్నో మళ్ళీ అడగలేదు. మరిచిపోయాడని మాత్రం అనుకోను.

పెళ్ళయి నాకు పాప పుట్టాక ఉద్యోగం మానేసి, సంచి ఆసుపత్రికి అప్పగించాను. ఇప్పుడు నంద్యాలలో కుళాయి దగ్గర ఎవరైనా మీరెవరంటే చెప్పడానికి హోదా లేదు. పాప ఊపిరి తీరు కొంచెం మారినా లేచి రొమ్ము మీద చెయ్యి పెట్టి చూస్తాను. రేపు ఎవరైనా దీన్ని ఏ పేట అని అడిగితే ఏం చెప్పమనాలో ఇంకా తేలలేదు.

ఆ పురుడు నేర్పింది ఇంతవరకు చెప్పగలను. గడపలో నీళ్ళు చల్లినవాళ్ళు చూసిందీ, నేను చూసుకుని గర్వపడిందీ నా చేతులనే. ఆ రోజు లెక్కలోకి వచ్చింది బిడ్డ. వాడు అప్పటికి ఏ పనీ చేయలేదు, ఊపిరి కూడా తీయలేదు. పసిదాన్నిగా ఉన్నప్పుడు నాకూ అలాగే ఎవరో నీళ్ళు పోసి పేరు పెట్టారు. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. అడగాలని ఎప్పుడూ తోచలేదు.