టీ తాగి వెళ్ళిన కత్తెరమ్మ

వీధి మొదట్లోని ఒంటి గది కుట్టుకొట్టు ఆవిడది. అందరూ కత్తెరమ్మ అంటారు, కత్తెర కన్నా ఆవిడ నోటికే పదునెక్కువైనా. వీధిలో వాళ్ళందరి నడుములూ ఆవిడకు కంఠతా వచ్చు. తనదీ, కూతురిదీ మాత్రం టేపుకు అందనివ్వదు. బట్ట బిగిసిందంటే చాలు, లోపల మడిచి వదిలిన గుడ్డ విప్పి గుట్టుగా కుట్టేస్తుంది. అందుకే బడికెళ్ళే కూతురి గౌన్లు ఎప్పుడూ వదులే. పిల్ల లావెక్కుతోందన్న ఊసు ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

యూనిఫాం సరిచేయించుకోవడానికి వచ్చిన నర్సు, బల్ల మీదున్న పిల్ల గౌను తిరగేసింది.

"మడతంతా విప్పేశావే అక్కా. నీ కూతురు కడుపులో ఉన్నప్పుడు నీకు షుగర్ వచ్చింది కదా. తర్వాత పరీక్ష చేయించుకున్నావా?"

"కాన్పు కాగానే పోయిందిగా. పోయిన చుట్టానికి మళ్ళీ కబురు పెడతామా?"

"కబురెందుకు, ఇల్లు చూసిన చుట్టం. కొన్నేళ్ళకు మళ్ళీ రావచ్చు. పిల్లలకూ రావచ్చు. రేపు పొద్దున్నే ఏమీ తినకుండా ఇద్దరూ రండి."

కత్తెరమ్మ నవ్వేసింది గానీ, ఆ పూటంతా మిషను మీద దారం తెగుతూనే ఉంది. తనకొస్తే వచ్చింది. తన కడుపున పుట్టిన పాపానికి పిల్లకూ అంటుకుందా అన్నదే ఆవిడ గుబులు.

మర్నాడు ఆసుపత్రిలో నర్సు సూది తీస్తూ అడిగింది. "ఏమీ తినలేదు కదా?"

"మెతుకు ముట్టలేదు."

"టీ తాగింది, చక్కెర దండిగా వేసుకుని," అంది కూతురు.

"టీ తిండెలా అవుతుందే? నమిలానా?"

పిల్ల రక్తం తీసుకుని, నర్సు తల్లిని వెనక్కి పంపేసింది. మరుసటి పొద్దున కూతురు వంటగది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కాపలా కాసింది.

ఫలితాలు వచ్చాయి. పిల్లకు షుగర్ లేదు, బరువు మాత్రం చూసుకోవాలన్నారు. కత్తెరమ్మ షుగర్ హద్దు మీద ఉంది. తీపి తగ్గించి, నడక పెంచితే దాటకుండా ఆపవచ్చు. ఏటా పరీక్ష మాత్రం మానకూడదన్నారు.

ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ బస్టాపులో ఆవిడ మెల్లగా అంది, "నా నుంచి నీకేం వచ్చిందో చూడవే."

"నీ ముక్కు వచ్చింది. దాని గురించి ఎప్పుడైనా పోట్లాడానా?"

"పోట్లాడావు. మొన్ననే."

"అయితే దీని గురించీ పోట్లాడుకుందాం. నడుస్తూ."

బస్సు వచ్చి ఆగింది. కత్తెరమ్మ మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది.

"నువ్వెళ్ళు బాబూ," అంది డ్రైవరుతో. "మా గొడవ ఇంకా తేలలేదు."