తల్లులు మార్కులు వేసిన క్లాసు

మొన్న మంగళవారం పొద్దున టొరంటో దగ్గర్లోని మిల్టన్‌లో ట్రైన్ ఎక్కి కూర్చున్నానో లేదో మెసేజ్ వచ్చింది, మా మేడమ్ ఇక లేరని. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చిన ఆలోచన వేరు: నాతోపాటు పని నేర్చుకున్న ఆ సస్కటూన్ ఊరి అమ్మాయికి నాకంటే ముందే చెప్పి ఉంటారా అని. సిగ్గుగానే ఉంది. అయినా ఆవిడ గురించి అబద్ధం రాయబుద్ధి కావడం లేదు.

మేడమ్ నర్స్ ప్రాక్టిషనర్. పేషెంటును తానే పరీక్షించి, తానే మందులు రాయగల నర్సు. టొరంటోలో అరుదైన జబ్బుల క్లినిక్‌లో నాలాంటి కొత్తవాళ్లకు పని నేర్పేవారు. కడప మనిషి. డెస్క్ డ్రాయర్‌లో బొరుగుల డబ్బా, అదే మరమరాలది, ఉండేది. విసుగొస్తే ఒక గుప్పెడు, కోపమొస్తే రెండు.

ఆవిడ క్లాసులో మార్కులు ఆవిడ వేసేవారు కాదు. పిల్లల తల్లులు వేసేవారు. ఇలాంటి జబ్బున్న ప్రతి పిల్లవాడికీ ఒక ఉత్తరం ఉంటుంది. ఎమర్జెన్సీకి పరిగెత్తినప్పుడు అక్కడివాళ్లకు చూపించేది. ఆ జబ్బు పేరే వినని డాక్టరు కూడా ఆ కాగితం చూసి ఏం చేయాలో తెలుసుకోవాలి. మేము దాన్ని రాసి తల్లి ఎదురుగా కూర్చుని ఇవ్వాలి. ఆమె తీసుకుంటే పాస్, లేదంటే మళ్లీ రాయాలి.

నా వంతుకు మార్కమ్‌లో ఉండే ఒక తెలుగావిడ వచ్చింది. ఆమె కొడుకు ఒక పూట తినకపోతే ప్రాణం మీదికొస్తుంది. నేను చదివినదంతా గుమ్మరించి ఒకటిన్నర పేజీ రాశాను. ఆమె చదివి బల్ల మీద పెట్టేసింది.

"ఇదంతా చదివే టైమ్ అక్కడ ఎవరికుంటుందండీ? ఈలోపు మావాడు కళ్లు తేలేస్తాడు."

నాతోపాటు నేర్చుకుంటున్న సస్కటూన్ అమ్మాయి తన పేషెంటుకు నాలుగు లైన్లు రాసింది. మొదటి లైను, ఆగకుండా గ్లూకోజ్ ఎక్కించండి అని. ఆ తల్లి మారు మాట లేకుండా మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. మేడమ్ ఆ అమ్మాయి భుజం తట్టారు. నేను కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఆమెకు సులువైన పేషెంట్లను ఇస్తున్నారని మేడమ్ మొహం మీదే అన్నాను. రెండు గుప్పెళ్లు నమిలారు.

"ఆ జబ్బును నువ్వు నిన్న చదివినావు. ఆయమ్మ తొమ్మిదేండ్లుగా దాంతో కాపురం చేస్తాంది. పోయి ఆయమ్మను అడుగు."

అడిగాను. ఐదోసారికి ఆమె తీసుకుంది. ఆ ఐదు సాయంత్రాలూ మేడమ్ ఇంటికి బయల్దేరి కోటు వేసుకున్నాక కూడా వెళ్లకుండా నా పక్కనే కూర్చున్నారు. అది నేను లెక్కలోకే తీసుకోలేదు. ఆ అమ్మాయిని ఎన్నిసార్లు మెచ్చుకున్నారో మాత్రం ఇప్పటికీ చెప్పగలను.

అంత్యక్రియలు అయ్యాక పార్కింగ్‌లో మేడమ్ కూతురు నా దగ్గరికి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల, ఇరవై ఉంటాయేమో. ఉత్తరం ఐదుసార్లు రాసింది నువ్వేనా అని ఇంగ్లీషులో అడిగింది. అవునన్నాను. అప్పట్లో డిన్నర్ దగ్గర రోజూ నా కబుర్లేనట, మా మొండిపిల్ల ఈ రోజు ఇలా అంది, అలా రాసింది అని. తన స్కూల్ కాన్సర్ట్ రోజు కూడా మేడమ్ నా పక్కనే ఉండిపోయారట.

"నువ్వంటే నాకు అసలు పడేది కాదు," అంది ఆ పిల్ల. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మ అక్కడ ఎలా ఉండేదో చెప్తావా?" అంది.

సస్కటూన్ అమ్మాయి అప్పటికే ఎవరి కారులోనో వెళ్లిపోయింది. నేను చెప్పాను. బొరుగుల సంగతి, తిట్ల సంగతి. ఆ పిల్ల నవ్వింది, ఏడ్చింది. ఒక్కటి మాత్రం నేను చెప్పలేదు. ఉత్తరం పాసైన సాయంత్రం లిఫ్టులో మేడమ్ నా చెయ్యి పట్టుకుని ఒక మాట అన్నారు. కన్నకూతురికి చెందాల్సిన మాట. అది నాకు దక్కిందని ఆ పిల్లతో అనలేకపోయాను. మీకూ చెప్పను.

ఇంకేమైనా ఉందా అని అడిగింది. లేదన్నాను. ఆ పిల్ల గ్లవ్స్ లేని చేతులు చంకల్లో దాచుకుని, జుట్టు మీద మంచు పడుతున్నా దులుపుకోకుండా, నా మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది.