తీసి చూడు, పెట్టి చూడు

మొన్న పోచారంలో మా ఆఫీసులో ఎవరో మూలనున్న పాత సీపీయూ డబ్బా మూత విప్పారు. వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం హాయిగా ఒకసారి పీల్చుకున్నాను. నాకది మూర్తిగారి వాసన. పెద్దమనిషిని పట్టుకుని ఇదేం మాట అనుకోకండి, వింటే ఆయన మురిసిపోయేవారు.

నాచారంలో మా కింది వాటాలో ఉండేవారాయన. తెనాలి వైపు మనిషి. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో తయారైన పరికరాలను పరీక్షించే విభాగంలో ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. చింత చచ్చినా పులుపు చావదంటారు కదా, రిటైరయ్యాక ఆ పరీక్షలన్నీ మా కాలనీ మీద పడ్డాయి. ఎవరింట్లో మిక్సీ వింతగా అరిచినా వచ్చి కూర్చునేవారు. బాగుచేయడానికి కాదు, ఎందుకు అరుస్తోందో తెలుసుకోవడానికి. అది వెంటనే బాగైపోతే కాస్త నిరాశపడేవారని కూడా నా అనుమానం.

నాకప్పుడే మొదటి ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచే పని. ఇంకా పర్మినెంట్ కాలేదు. పొద్దున తొమ్మిదికల్లా లాగిన్ కాకపోతే పేరు ఎర్రగా పడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే మా కంప్యూటర్ మొరాయించింది. ఉప్పల్‌లో షాపతనికిస్తే కొత్త డిస్కు వేసి, అందులో విండోస్ కొత్తగా ఎక్కించి, నా ఫైళ్ళున్న పాత డిస్కును కూడా పక్కనే తగిలించి ఇచ్చాడు. అంతా కొత్తదేనని సంబరపడ్డాను. తీరా స్విచ్చి వేస్తే నల్లటి తెర. అమ్మ టీ పెట్టి, వడపోసి, తాగి, గ్లాసు కడిగినా అదే నల్లటి తెర. ఆ తరువాత ఎప్పటికో విండోస్ బొమ్మ వచ్చేది.

ఏ సమస్యకైనా మా వైపు ఒకటే మందు: ఫార్మాట్ కొట్టు, అంటే అంతా చెరిపేసి విండోస్ మళ్ళీ ఎక్కించు. షాపతను అదే అన్నాడు, నాన్న పనిచేసే ఫ్యాక్టరీలో కంప్యూటర్ చూసే అన్న అదే అన్నాడు. కొట్టించాను. మళ్ళీ కొట్టించాను. ఏం తేడా లేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే తీసేయాల్సి వస్తుందని శుక్రవారం మా టీమ్ లీడ్ చెప్పేశాడు. తెలియకుండానే ఏడుపొచ్చింది.

ఆదివారం పొద్దున మూర్తిగారు ఏదో పని మీద పైకొచ్చి నా ముఖం చూశారు. సంగతి విని, కుర్చీ లాక్కుని కూర్చుని, స్విచ్చి వేయమన్నారు. మళ్ళీ ఫార్మాట్ కొట్టించాలా అని అడిగితే చెయ్యెత్తి ఆపారు. నల్లటి తెరను ఆయన క్రికెట్ మ్యాచ్ చూసినంత శ్రద్ధగా చూస్తున్నారు.

"ఆలస్యం విండోస్ బొమ్మ రాకముందా, వచ్చాకా?"

"రాకముందే అంకుల్."

"మరి విండోస్ ఇంకా నిద్రే లేవలేదు కదమ్మాయ్. దాన్నెందుకు కొట్టిస్తున్నావు?"

నిజమే. అత్త మీద కోపం దుత్త మీద చూపించానన్నమాట. విండోస్ కంటే ముందు, పెట్టెలో ఏమేం తగిలించి ఉన్నాయో యంత్రం ఒక్కొక్కదాన్నీ పలకరిస్తుందట. ఏదో ఒకటి సరిగ్గా పలకకపోతే అక్కడే ఆగి ఎదురు చూస్తుందట. ఎవరు పలకడం లేదో చూద్దామని పెట్టె మూత విప్పించారు. దుమ్ము ఎగిరింది. పాత డిస్కు తీసి పక్కన పెట్టి స్విచ్చి వేస్తే, కళ్ళు మూసి తెరిచేలోగా విండోస్ వచ్చేసింది. నేను చప్పట్లు కొట్టాను. పాత డిస్కే ముసలిదైపోయింది, పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానన్నాను.

మూర్తిగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. మళ్ళీ తగిలించమన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "ఏంది అంకుల్, బాగైనదాన్ని మళ్ళ ఖరాబ్ జేస్తరా? రేపు లాగిన్ గాకపోతే నా నౌకరి పోతది."

"తీసేస్తే తగ్గిందని తప్పు దానిదే అనుకోకు. దాంతోపాటు ఇంకేం తీశావో చూడు."

డిస్కుతో పాటు నేను తీసింది దాని కేబుల్. పళ్ళు కొరుకుతూనే రెండింటినీ తగిలించాను. మళ్ళీ నల్లటి తెర. ఆయన ముఖం వెలిగిపోయింది. రోగం పిలిస్తే వచ్చింది కదా, ఇప్పుడు మన చేతిలో ఉన్నట్టే అన్నారు. కిందికెళ్ళి తన సొంత కంప్యూటర్‌లోంచి కేబుల్ పీక్కొచ్చారు. అదే పాత డిస్కు, కేబుల్ మాత్రం వేరే. స్విచ్చి వేయగానే విండోస్ వచ్చింది. తప్పు ఆ కేబుల్‌ది. నేను పాత సామాన్లలో పడేయబోయిన డిస్కు నిక్షేపంలా ఉంది.

సోమవారం అందరికంటే ముందు లాగినయ్యాను. మూర్తిగారి కంప్యూటర్ మాత్రం కొత్త కేబుల్ కొనేదాకా మూలపడింది. అడిగితే, నాకేం తొందర, నాకెవడు ఎర్రపేరు పెడతాడు అని నవ్వారు.

ఆయన పోయారు. ఇప్పుడు నేనే టీమ్ లీడ్‌ని. ఈమధ్య చర్లపల్లి నుంచి వచ్చే ఒక కొత్తమ్మాయి పనిలో రోజూ తప్పులే. ఆమె సెలవు పెట్టిన వారం తప్పులు లేవు. ఇంకేం కావాలి, తీసేద్దామన్నారు మేనేజర్. అందరూ తలలూపారు. నేను మాత్రం ఊపలేదు. ఆమె సెలవులో ఉంటే ఆమె చేసే ఫైళ్ళు ఎవరు చేశారని అడిగాను. ఎవరూ చేయలేదు, పక్కన పెట్టారట. అయితే ఆమె వచ్చాక ఆ ఫైళ్ళు ఇంకొకరికిచ్చి, వాళ్ళవి ఆమెకిచ్చి చూద్దామన్నాను. మేనేజర్ విసుక్కున్నారు కానీ ఒప్పుకున్నారు. తప్పులు ఫైళ్ళతో పాటే వెళ్ళాయి. ఆ ఫైళ్ళు మాకు వచ్చేటప్పుడే తప్పులతో వస్తున్నాయి.

ఆ అమ్మాయికి ఇదంతా తెలియదు. నిన్న పర్మినెంట్ అయిందని స్వీట్ బాక్స్ పట్టుకుని అందరి దగ్గరికీ తిరిగి, చివరికి నా దగ్గరికొచ్చింది. నేను రెండు తీసుకున్నాను. "మేడం, మస్తు ఇష్టమా మీకు?" అని నవ్వింది. ఒకటి నాది కాదని ఆమెకు చెప్పలేదు.