ముల్లంగి ఆఫీసరు గారు

జపాన్‌లోని అకితాలో కురమోచి సాయోకో వాళ్ళ నాయనమ్మ చలికాలం వచ్చిందంటే పొయ్యి మీది వాసాలకు ముల్లంగులు వేలాడదీసి, పొగలో ఎండబెడుతూ వాటిని తిట్టేది. వంకరగా వేలాడకండి, ఇంటికి పెద్దవాళ్ళు వస్తారు, కాస్త మర్యాదగా ఉండండి అని. ఇంట్లో అందరూ తలొంచుకుని అన్నం తినేవాళ్ళు. పొట్ట పట్టుకుని నవ్వుతూ దొర్లేది సాయోకో ఒక్కతే. ఆ పిల్లకు కావలసిన నవ్వు అది. వింత జరుగుతూనే ఉండాలి, దాన్ని వింత అని ఒక్కరూ అనకూడదు.

ఆ పిచ్చితోనే టోక్యో వచ్చి, నెరిమాలోని ఒక చిన్న కార్టూన్ స్టూడియోలో చేరింది. యానిమేషన్‌లో మనిషి చెయ్యి దించి ఉన్న బొమ్మ, ఎత్తి ఉన్న బొమ్మ పెద్ద చిత్రకారులు గీస్తే, ఆ మధ్యలో ఉండే చేతులన్నీ ఈవిడ గీయాలి. జుట్టు నెరిసేదాకా మధ్య చేతులే గీసింది. పాపం, ఆ చేతుల్ని విడిగా చూసిన ప్రేక్షకుడు ఒక్కడైనా ఉంటాడా?

అలాంటిది, ఒక సీరియల్ దర్శకుడు జబ్బు పడటంతో ఒక్క ఎపిసోడ్ ఆమె చేతికొచ్చింది. వార్డు ఆఫీసు కథ. అందులో కొత్త గుమాస్తా చేరే రోజు, కుర్చీలో టై కట్టుకున్న ముల్లంగి ఉంటుంది. అదే ఆఫీసరు. అందరూ దాని ముందు టీ పెడతారు, ఫైళ్ళు పెడతారు, కాసేపు ఆగి, ఆఫీసరు గారు ఒప్పుకున్నారని చెప్పి తీసుకుపోతారు.

నిర్మాత ఇసోబె ఒసాకాలో పుట్టినవాడు. ఒకడు తిక్కపని చేస్తే పక్కవాడు వెంటనే నిలదీయాలి, జనం నవ్వేది అప్పుడే అని ఉగ్గుపాలతో నేర్చుకున్నవాడు. గుమాస్తా చేత "ఇది ముల్లంగి కదండీ!" అనిపించాల్సిందేనన్నాడు.

"అలా అంటే అది ఉత్త ముల్లంగే అయిపోతుందండీ," అంది సాయోకో.

"ముల్లంగే కదా కురమోచి గారూ. ఎపిసోడ్ తేలిపోతే మీరు మళ్ళీ ఆ మధ్య చేతుల దగ్గరికే. తర్వాత నేను కూడా ఏమీ చేయలేను."

ఆమె మాట మింగేసి డైలాగు పెట్టింది. బదులుగా ఒక్కటి మాత్రం పట్టుబట్టి సాధించుకుంది, ముల్లంగి పాత్రకు ఒక నటి కావాలని. మాట్లాడని ముల్లంగికి మనిషెందుకని ఇసోబె సణిగాడు. ఊపిరి పీల్చి వదలాలి కదండీ అంది సాయోకో.

బొమ్మలు పూర్తికాకుండానే గొంతులు రికార్డు చేయడం ఆ స్టూడియోల్లో మామూలే. తెర మీద పెన్సిలు గీతలు, అవీ లేనిచోట తెల్ల కాగితం కదులుతుంటాయి. ఎవరి పాత్ర పేరు వెలిగితే వాళ్ళు మాట్లాడాలి, ఆరితే నోరు మూయాలి. ఆ పేర్లు పెట్టే హడావిడిలో సాయోకో ఒకచోట పేరు పెట్టడం మరిచిపోయింది. సరిగ్గా ఇసోబె డైలాగు దగ్గరే.

రికార్డింగు గదిలో గుమాస్తా పాత్రధారి తత్సుమి మైకు ముందు నిలబడ్డాడు. పక్క మైకు ముందు ముల్లంగి పాత్రకు వచ్చిన ఒకినో గారు, తలపండిన నటి, ఒక్క మాటా లేని స్క్రిప్టును రెండు చేతులా పట్టుకుని నిటారుగా నిలబడింది. ఇసోబె డైలాగు దగ్గరికి వచ్చేసరికి తెర మీద తెల్ల కాగితమే ఉంది. పేరు వెలగలేదు. తత్సుమి నోరు తెరిచి, మూసుకుని, ఏం చేయాలో తెలియక ఒకినో గారి వైపు చూశాడు. ఆవిడ చూపు తిప్పలేదు. గది మొత్తం బిగుసుకుపోయింది. అద్దం ఇవతల ఇసోబె పక్కనే సాయోకో కూర్చుని ఉంది. కావాలనే చేశానని ఇతను అనుకుంటాడు, పని పోయింది అనుకుంది.

ఆ నిశ్శబ్దంలో ఒకినో గారు ముక్కుతో, ఎంతో హుందాగా, ఊపిరి వదిలింది.

"చిత్తం," అన్నాడు తత్సుమి, స్క్రిప్టులో లేకపోయినా.

మొదట నవ్వింది ఇసోబె. బల్ల మీద తల ఆనించి, భుజాలు ఎగిరిపడేలా నవ్వాడు. సౌండ్ ఇంజనీరు కుర్చీలోంచి జారాడు. ఇసోబె కళ్ళు తుడుచుకుని, ఎందుకు నవ్వొచ్చిందో చెప్పబోయి మళ్ళీ నవ్వాడు. తరవాత పెన్ను తీసి, తన డైలాగును తానే కొట్టేశాడు. సాయోకోకు ఒళ్ళంతా తేలికైపోయింది. ఇన్నేళ్ళూ తన ఒక్కదానికే వచ్చిన నవ్వు ఇవాళ గదినిండా ఉంది. ఆ సంతోషాన్ని ఆమె దాచుకోలేదు, పగలబడి నవ్వింది.

పని ముగిశాక ఇసోబె రికార్డింగు గదిలోకి వెళ్ళి, ఒకినో గారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఒక మనవి ఉందన్నాడు. నడుము వంచి అలాగే ఉండిపోయాడు. ఆవిడ కాసేపు ఆగి, ముక్కుతో ఊపిరి వదిలింది.

ఇసోబె నడుమెత్తి, ముఖంలో నవ్వన్నది లేకుండా సాయోకో వైపు తిరిగాడు.

"కురమోచి గారూ, మిగతా ఎపిసోడ్లన్నీ మీరే చేయాలట. ఆఫీసరు గారు ఒప్పుకున్నారు."