బావగారి బీమ్

మొన్న ఆదివారం నోయిడాలో మా బావగారి ఫ్లాట్‌కి వెళ్లాను. భోజనాల దగ్గర మా అక్క కొడుకు ఫోన్ చూస్తూ వాళ్ల నాన్నతో, "పాపా, దేఖో! ఫ్యూజన్‌లో బడా సక్సెస్ అంట" అన్నాడు. ఏదో దేశంలో మునుపటికన్నా ఎక్కువసేపు ఆ యంత్రాన్ని నడిపించారట. బావగారు "అచ్ఛా" అని పెరుగన్నం కలుపుకున్నారు. ఉద్యోగమంతా ఆ పనికే ధారపోసిన మనిషి, కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

సూర్యుడిలో హైడ్రోజన్ కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వేడి పుట్టిస్తాయి. దాన్ని భూమ్మీద ఒక యంత్రంలో చేసి కరెంటు తీయాలని ఎన్నో దేశాలు తంటాలు పడుతున్నాయి. ముందు యంత్రంలోని వాయువు విపరీతంగా కాగాలి. దాన్ని కాచడానికి కణాలను ధారగా, మహావేగంతో లోపలికి కొట్టే సాధనం తయారుచేయడం మా బావగారి పని. ఢిల్లీ శివార్లలోని ప్రయోగశాలలో పెళ్లికి ముందు మొదలుపెట్టారు, తల నెరిసినా అదే పని. ఆ ధారని వాళ్లు బీమ్ అనేవారు. మా అక్క మాత్రం "మా ఆడపడుచు" అనేది. సవతి అంటే దానికి మరీ గౌరవం ఇచ్చినట్టవుతుందట. నేనూ సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగంలో ఢిల్లీ వచ్చి వాళ్ల దగ్గర్లోనే ఉండేదాన్ని కనక ఈ ఆడపడుచు వైభోగమంతా కళ్లారా చూశాను. అశోకా రోడ్డు క్యాంటీన్‌లో మన తెలుగు భోజనం తిని వద్దాం రండి అంటే, "బీమ్ పెట్టి వచ్చానమ్మా" అని పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన మనిషిలా పరుగెత్తేవారు. ఆయన వాటా గోంగూర పచ్చడి కూడా మేమిద్దరమే తినేవాళ్లం.

ఆ యంత్రానికి ఒక తిక్క ఉంది. ఒకసారి విప్పి మళ్లీ బిగించాక, వోల్టేజీని కొద్దికొద్దిగా, రోజుల తరబడి పెంచుకుంటూ మచ్చిక చేసుకోవాలి. తొందరపడితే లోపల మెరుపు కొట్టి రాగి పలకలు కరిగిపోతాయి. బావగారు ఆ పని ఇంకెవరికీ వదిలేవారు కాదు. చివరికి ఒక కమిటీ వచ్చి చూస్తామంది. బీమ్ నిలకడగా వస్తే పని సాగుతుంది, లేకపోతే మూసేస్తారు. సరిగ్గా కమిటీ వచ్చే రోజు తెల్లారగట్ల అక్క గుండె పట్టుకుని కుప్పకూలింది. ఆసుపత్రిలో చేర్చి, వెంటనే ఆపరేషన్ అంటున్నారని, రాత్రంతా ల్యాబులో వోల్టేజీ పెంచుతూ కూర్చున్న ఆయనకి ఫోన్ చేశాను. వస్తారని మాత్రం అనుకోలేదు.

వచ్చేశారు. చెప్పులు కూడా ల్యాబులో వేసుకునేవే. "అక్కడ కూర్చోలేకపోయానమ్మా" అన్నారు. మధ్యాహ్నం ఆయన శిష్యుడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఆయన లేకపోయేసరికి, కమిటీ వచ్చేలోగా అందుకోవాలని శిష్యులే గబగబా వోల్టేజీ పెంచారట, పలకలు కరిగిపోయాయట. వచ్చినవాళ్లు చల్లబడిన యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, టీ తాగి వెళ్లిపోయారట. బావగారు "ఠీక్ హై" అని ఫోన్ జేబులో పెట్టుకుని, నర్సు చెప్పిన మందు తేవడానికి వెళ్లారు.

మర్నాడు అక్క కళ్లు తెరిచి ఆయన్ని చూసింది. సంతోషిస్తుందని నేను ముందుకు వంగాను.

"నిన్న కమిటీ కదా? ఏమైంది?" అంది.

ఆయన దుప్పటి సర్దారు. ఆ మొహం చదవడం అక్కకి బాగా అలవాటు. గోడవైపు తిరిగింది. ఆయన బయటికి వెళ్లాక నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లాడు పుట్టినప్పుడు రాలేదు. అమ్మ పోయినప్పుడు రాలేదు. అంతా ఆ బీమ్ కోసమేగా, ఏదో ఒకరోజు వస్తుందిగా అని సరిపెట్టుకున్నానే. ఇప్పుడు ఏం చెప్పుకుని సరిపెట్టుకోను?"

కొన్నాళ్లకే ప్రయోగశాలలో ఆ పని మూసేశారు. అక్క ఆ చలికాలం దాటలేదు. ఆఖరిదాకా ఆయనతో మామూలుగానే మాట్లాడింది, మందులు, పాలవాడు, కొడుకు చదువు. బీమ్ మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు. ఆయన సెలవు పెట్టి రోజంతా పక్కనే ఉండేవారు. అది చూడలేక నేను వంటింట్లోకి పోయేదాన్ని.

నాకు బావగారి మీద కోపం లేదు. కోపమంతా కాలం మీదే. అక్క ఎదురు చూసినన్నాళ్లూ ఆయన్ని ఇంటికి పంపలేదు. ఆమె ఎదురు చూడడం మానేశాక తీసుకొచ్చి మంచం పక్కన కూర్చోబెట్టింది.